పిల్లల మీదికి తోసేసిన తప్పు

మదనపల్లె దగ్గరి అంగళ్లు ఊరి కూడలిలో టీ తాగుతూ ఓ పది నిమిషాలు నిలబడితే ఈ మాట చెవిన పడకుండా పోదు. "కాలేజీలు వచ్చినాయి, ఊరు చెడింది. శనివారం వస్తే పిల్లోళ్లు ఈ బారు కాకపోతే ఆ బారని రాత్రంతా తిరగతా ఉండారు. కొవ్వెక్కింది." మదనపల్లెలో ఆటో ఎక్కినా, పుంగనూరు బస్టాండులో కూర్చున్నా, కుప్పంలో రైలు దిగినా ఇదే మాట. ఏ పిల్లవాడైనా బండి మీదనుంచి పడి పోయాడని తెలిసిన ఉదయం ఈ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. బిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినవాళ్లు కూడా గడప దాటగానే ఇదే అంటారు. ఆ మాటతో ఆ చావు సంగతి ముగిసిపోతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఈ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తాగుడును వెనకేసుకు రావడానికి రాయడం లేదు. నాకూ చదువుకునే కొడుకున్నాడు. వాడు రాత్రి పదిన్నర దాటినా ఫోన్ ఎత్తకపోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. ఆ భయం తెలిసినవాణ్ణి కాబట్టే, ఆ భయానికి అసలు కారణమేదో సరిగ్గా పేరు పెట్టి చెప్పాలనుకుంటున్నాను.

మొదట ఆ రాత్రి ఎలా నడుస్తుందో చూద్దాం. అంగళ్లు నుంచి మదనపల్లెకి పది పన్నెండు కిలోమీటర్లు. హాస్టళ్లు, అద్దె గదులు ఇక్కడ ఉంటే ఏసీ బార్లు, బిర్యానీ, సినిమా అక్కడ. ముగ్గురు ఒకే బండి మీద బయల్దేరతారు. మొదటి బారులో తలా ఒక బీరు. అక్కడ రద్దీ ఎక్కువైతేనో, పాటలు నచ్చకపోతేనో, ఇంకో గదివాళ్లు ఫోన్ చేసి "మేము ఈడ ఉండాము, రాండ్రా" అంటేనో రెండో చోటికి. అక్కడ క్వార్టర్లు, చికెన్ పకోడి. ఆ తర్వాత తిరుగుదారిలో ఇంకోచోట ఆఖరి కటింగ్. ప్రతి చోటికీ మధ్య బండి. ఆఖరి చోటికీ పడకకీ మధ్య జాతీయ రహదారి.

ఆ రహదారి నంబరు 42. అనంతపురం వైపు నుంచి కదిరి, ములకలచెరువు, అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరి దాకా పోతుంది. మన ఊళ్లన్నీ ఆ ఒక్క దారానికి గుచ్చిన పూసలే. టమోటా దిగుబడి రోజుల్లో ఆ దారి రాత్రిపూట ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. తెల్లారేలోగా సరుకు చేర్చాలని పరుగెత్తే ఐచర్లు, క్రేట్లు ఎత్తుగా పేర్చిన టెంపోలు, వెనక లైటు వెలగని ట్రాక్టర్లు. నిద్ర లేని డ్రైవర్లు ఎటునుంచి వస్తారో తెలియని ఆ దారిలోనే మన పిల్లలు గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ప్రయాణం చేస్తున్నారు. నేను అడిగేది ఆ ప్రయాణం గురించే.

"కాలేజీలు వచ్చి చెడింది" అనే మాటను ముందుగా తీసుకుందాం. మదనపల్లెకు కాలేజీ నిన్న మొన్న రాలేదు. అనీ బెసెంట్ చొరవతో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల 1915లో మొదలైంది. రవీంద్రుడు 1919లో ఆ ఆవరణలోనే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. అంగళ్లులో ఇంజనీరింగ్ కాలేజీ 1998లో వచ్చింది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వచ్చింది. నూరేళ్లకు పైగా ఈ నేల మీదికి ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుకుని పోతున్నారు. చదువే తాగుడు తెచ్చేదైతే మనం ఎప్పుడో మునిగిపోయి ఉండాలి.

తాగడానికి ఊరు దాటి పోవడం మాత్రం ఈ పిల్లలు కనిపెట్టిన విద్య కాదు. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినప్పుడు మనవాళ్లు ఏం చేశారు? నిషేధం ఎత్తేసే 1997 దాకా సరిహద్దు దాటి కర్ణాటకకు, తమిళనాడుకు పోయి తాగి వచ్చారు. అప్పుడు పోయినవాళ్ల వయసు ఇప్పుడు యాభై పైన. టీ అంగడి ముందు పిల్లల్ని తిట్టేవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 2019 తర్వాత మళ్లీ అదే జరిగింది. మద్యం దుకాణాలను ప్రభుత్వమే తీసుకుంది, పర్మిట్ రూములు మూతపడ్డాయి, 2020 మే నెలలో ధర రెండు దఫాల్లో 75 శాతం పెరిగింది. తాగేవాళ్లు మానేశారా? రాయల్పాడు వైపు, ముళబాగిలు వైపు, కుప్పం నుంచి దాదాపు ఏ దిక్కుకి పోయినా దగ్గరే కనిపించే సరిహద్దు వైపు బండ్లు తిప్పారు. కర్ణాటక టెట్రా ప్యాకెట్లు చెక్‌పోస్టుల్లో పట్టుబడని వారం లేదన్నట్టు ఉండేది. మళ్లీ 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం దుకాణాలు వచ్చాయి, రాష్ట్రమంతటా 3,396. క్వార్టరు 99 రూపాయలకి తెచ్చారు. 2025 సెప్టెంబరు నుంచి బార్లకి కొత్త విధానం, రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంచే వీలు. పర్మిట్ రూములు కూడా తిరిగి వచ్చాయి.

ఇన్ని ప్రభుత్వాలు, ఇన్ని విధానాలు మారాయి. ఒకరు ధర పెంచారు, ఒకరు తగ్గించారు. ఒకరు మూశారు, ఒకరు తెరిచారు. తాగినవాడు ఇంటికి ఎలా చేరాలన్న సంగతి మాత్రం ఏ విధానంలోనూ లేదు. ప్రతి మార్పూ తాగేవాడు బండి మీద ఎంత దూరం పోవాలో, ఏ వేళకి తిరిగి రావాలో మార్చింది, అంతే. బారు అర్ధరాత్రి దాకా ఉండాలని నిర్ణయించినవాళ్లు, అర్ధరాత్రి దాటాక ఆ బారు ముందు నిలబెట్టిన వంద బండ్లు ఎటు పోతాయో కూడా నిర్ణయించి ఉండాల్సింది.

"విదేశాల్లో పిల్లలు తాగరా? వాళ్లకి లేని చావు మనవాళ్లకే ఎందుకు?" అని కొందరు అంటారు. పిల్లలకి ఒంటి మీద అదుపు లేదన్నది వాళ్ల ఉద్దేశం. ఈ పోలిక వాళ్లు తెచ్చారు కాబట్టి చూద్దాం. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఓట్లీ రన్ అని ఒకటుంది. హెడింగ్లీ వైపు నుంచి ఊరి నడిబొడ్డు దాకా సుమారు నాలుగు కిలోమీటర్ల రోడ్డు వెంట వరసగా పబ్బులు. యూనివర్సిటీ పిల్లలు రకరకాల వేషాలు కట్టుకుని ఒక్కొక్క పబ్బులో ఒక్కొక్క గ్లాసు తాగుతూ పోతారు. మన తెలుగు పిల్లలు కూడా ఆ ఊళ్లో చదువుతున్నారు, వాళ్లలో ఆ దారి నడిచినవాళ్లూ ఉంటారు. నడిచిన అని ఊరికే అనలేదు. అక్కడ ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకి కాళ్ల మీదే పోతారు. లండన్‌లో 2016 నుంచి శుక్ర, శనివారాల్లో కొన్ని లైన్ల మీద రాత్రంతా మెట్రో నడుస్తోంది. తాగి బండి నడిపేవాడి రక్తంలో వంద మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాకా ఇంగ్లండు చట్టం ఊరుకుంటుంది. మన చట్టం 30 దాటితే ఊరుకోదు. కాగితం మీద మనమే కఠినం. దారి మీద మాత్రం మన పిల్లవాడి చేతిలో బండి తాళం తప్ప ఇంకేం లేదు.

అంత దూరం ఎందుకు, బెంగళూరు చూడండి. మదనపల్లె నుంచి మూడు గంటల ప్రయాణం. అంగళ్లులో చదివి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రవాడు చర్చ్ స్ట్రీట్‌లో ఒక పబ్బు నుంచి ఇంకో పబ్బుకి నడిచి వెళ్తాడు. రాత్రి ఎం.జి. రోడ్డు స్టేషన్లో మెట్రో ఎక్కుతాడు, అది తప్పితే క్యాబ్ పిలుస్తాడు. కొత్త సంవత్సరం రాత్రి మెట్రోవాళ్లే రైళ్లు మామూలు వేళ దాటి నడుపుతారు. అదే కుర్రవాడు సంక్రాంతికి ఊరికి వస్తాడు. అదే స్నేహితులు, అదే సీసా. కానీ ఇక్కడ నాన్న బండి తీసుకుని మదనపల్లెకి పోతాడు, తాగి అదే బండి మీద రహదారి పట్టుకుని తిరిగొస్తాడు. రెండు రాత్రుల మధ్య వాడి ఒంట్లో కొవ్వు పెరిగిందా? వాడు మారలేదు, దారి మారింది.

ఇప్పుడు చట్టం సంగతి. రహదారుల పక్కన మద్యం అమ్మితే మనుషులు చస్తున్నారని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తమిళనాడుకు చెందిన కె. బాలు అనే లాయరు పోరాడిన కేసు అది. జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపల అమ్మకం ఉండకూడదంది. రహదారి మీదికి కనిపించకూడదు, రహదారి నుంచి నేరుగా దారి ఉండకూడదంది. 2017 మార్చి ఆఖరున జనాభా 20,000 లోపు ఊళ్లకి ఆ దూరాన్ని 220 మీటర్లకి తగ్గించింది. అదే ఏడు జూలైలో, మున్సిపాలిటీల లోపలి బార్లకీ మద్యం దుకాణాలకీ ఈ ఆంక్ష అడ్డు కాదని వివరణ ఇచ్చింది. మదనపల్లె మున్సిపాలిటీ. పుంగనూరు మున్సిపాలిటీ. కుప్పం కూడా ఇప్పుడు మున్సిపాలిటీ. రహదారి ఊరి మధ్యనుంచో పక్కనుంచో పోతున్నంత మాత్రాన అక్కడ లారీ మెత్తగా గుద్దుతుందా? కోర్టు మొదటి తీర్పులో చూసిన ప్రమాదం మున్సిపాలిటీ బోర్డు దగ్గర ఆగిపోదు. ఆ బోర్డు ఇవతల తాగినవాడే అవతల చీకట్లో బండి నడపాలి.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఇంటర్ ముగించి ఇంజనీరింగులో చేరే పిల్లవాడికి పదిహేడో పద్దెనిమిదో. అంటే మూడో ఏడు దాకా దాదాపు ఏ విద్యార్థికీ గ్లాసు పొయ్యకూడదు. ఈ ఒక్క నియమం నిజంగా అమలైతే మనం తిట్టే శనివారం రాత్రుల్లో ముక్కాలు వంతు ఉండవు. మీసం రాని పిల్లవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటే వయసెంతని అడగాల్సినవాడు నోరు మూసుకున్నాడు. ఆ లైసెన్సు ఇచ్చినవాడు తనిఖీకి రాలేదు. వాళ్లిద్దర్నీ ఏమీ అనకుండా ఆ పిల్లవాడి పెంపకాన్ని తిట్టడం అన్యాయం.

"ఎవురన్నా నోట్లో పోసినారా?" అనే ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. న్యాయమైన ప్రశ్నే, తప్పించుకోను. ఎవరూ పొయ్యలేదు. తాగినవాడిదే తాగుడు. అదే గదిలో ఉంటూ ముట్టని పిల్లలున్నారు, వాళ్లే ఎక్కువమంది. బండి నడిపి ఇంకొకరి ప్రాణం తీసినవాడు శిక్ష పడాల్సినవాడే, అందులో నాకు జాలి లేదు. కానీ తాగినవాడి బుర్ర ఏం చేస్తుందో తెలిసి కూడా ఆ బుర్ర మీదే భారమంతా పెట్టడం తెలివైన పని కాదు.

లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 43 శాతం ఆల్కహాలు. తూకంలో అరవై గ్రాములు. అరవై అయిదు కిలోల కుర్రవాడు దాన్ని గంటలో తాగేస్తే వాడి రక్తంలో చేరేది చట్టం ఒప్పే 30కి నాలుగింతలకు పైమాటే. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటే దాదాపు మూడింతలకు తీసుకుపోతుంది. అంటే మొదటి బారు మెట్లు దిగేసరికే చట్టం దాటిపోయాడు. రెండో బారు, మూడో బారు లెక్కలోకే రావు. కాలేయం గంటకి ఏడెనిమిది, మహా అయితే పది గ్రాములు కరిగిస్తుంది. రాత్రి పదకొండుకి తాగిన క్వార్టరు తెల్లవారి ఆరుకి కూడా పూర్తిగా పోకపోవచ్చు. ఇంకో మోసం ఉంది. తాగిన వెంటనే మత్తు మొత్తం ఎక్కదు, అరగంట నుంచి గంట దాకా పెరుగుతూనే ఉంటుంది. ఒక బారు నుంచి ఇంకో బారుకి పోయేటప్పుడు మొహానికి చల్లగాలి కొడుతుంది. "దిగిపోయిందిరా" అనిపిస్తుంది. నిజానికి అప్పుడు ఎక్కుతూ ఉంటుంది. బారు మార్చడంలో ఉన్న ప్రమాదం ఇదే. ఒకేచోట కూర్చుని తాగి లేవలేనివాణ్ణి పక్కవాడు పట్టుకుని పడుకోబెడతాడు. బార్లు తిరిగేవాడు తాను బాగానే ఉన్నానని మూడుసార్లు నమ్మి మూడుసార్లు తాళం తిప్పుతాడు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. నేను మదనపల్లె నుంచి వస్తున్నాను, పదకొండు దాటింది. రోడ్డు పక్క చింతచెట్టు కింద బండి ఆపి ఒక అబ్బాయి సీసా నీళ్లతో మొహం కడుక్కుంటున్నాడు. ఇంకొకడు బండి మీదే ట్యాంకుకి తల ఆన్చి ఉన్నాడు. నేను బండి ఆపాను. వాడు చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ అడిగిన మొదటి మాట, "అన్నా, ముందర పోలీసోళ్లు ఉండారా?"

"లేరు నాయనా. వానికి బాగలేదా?"

"బాగుండాడన్నా. నిద్రొస్తా ఉంది, అంతే."

"ఆటో పిలుస్తా, పోతారా?"

"ఈ టయానికి యాడ దొరకతాదన్నా."

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఆ వేళకి ఆటో లేదు. కదిరి వైపు పోయే దూరపు బస్సేదో వచ్చింది, చెయ్యెత్తాను, ఆగలేదు. వాళ్ల వెనకే నిదానంగా నా బండి నడుపుకుంటూ అంగళ్లు దాకా వచ్చాను. ఆ పిల్లవాడికి పోలీసంటే ఉన్న భయం లారీ అంటే లేదు. అది వాడి పొగరని నేననుకోను. వాడికి మనం నేర్పిన భయం అదొక్కటే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద తాగి నడిపితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఊదించే గొట్టం పెట్టి పట్టుకోవడం అవసరమే. కానీ పట్టుకున్నాక ఇంటికి చేర్చే దారి లేనిచోట ఆ తనిఖీ నేర్పేది పోలీసులున్న రోడ్డు మానుకుని లైట్లు లేని సందు రోడ్డు పట్టుకోవడాన్నే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44 శాతానికి పైగా రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లు. ఇంతమందీ కొవ్వెక్కి చచ్చారంటే నమ్ముదామా?

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. 2025 అక్టోబరులో ఇదే 42వ నంబరు రహదారి మీద ఉన్న ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రాన్ని ఎక్సైజ్ అధికారులు పట్టుకున్నారు. ఆ తర్వాత ప్రభుత్వం సీసా మీది కోడ్‌ను స్కాన్ చేసి సరుకు అసలుదో కాదో చూసుకునే యాప్ తెచ్చింది. మూడో బారులో, మసక వెలుతురులో, సీసా లేకుండా గ్లాసులో వచ్చిన పెగ్గును ఏ కోడ్ పెట్టి స్కాన్ చెయ్యాలి? ఆ నకిలీ సరుకు హాస్టల్ పిల్లలు కాచింది కాదు. పిల్లలు ఊరిని చెడగొట్టారనేవాళ్లు ఆ అక్టోబరును ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. ఎవరు ఎవరిని చెడగొట్టే ప్రయత్నం చేశారో అక్కడ కనిపిస్తుంది.

పిల్లల్ని తిట్టడం వల్ల జరిగే నష్టం ఇంకొకటి. తిట్టుకి భయపడి వాళ్లు ఇంటికి ఫోన్ చెయ్యరు. "నాన్నా, తాగినాను, బండి నడపలేను, వచ్చి తీసుకుపో" అనే మాట ఎంతమంది పిల్లల నోట రాగలదు? అలా ఫోన్ వస్తే ముందు బండి తీసుకుని బయల్దేరే తండ్రులు ఎంతమంది, ముందు చెంప పగలగొడతాననే తండ్రులు ఎంతమంది? నా కొడుక్కి నేను ఆ మాట విడిగా కూర్చోబెట్టి చెప్పాను. ఏ వేళైనా, ఏ స్థితిలో ఉన్నా ఫోన్ చెయ్యి, ఆ రాత్రి ఒక్క మాటా అనను, మాట్లాడేదుంటే మరుసటి రోజు మధ్యాహ్నం మాట్లాడతానని. చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా నాన్న నాకెప్పుడూ అలాంటి మాట చెప్పలేదు.

ఇక అడగాల్సినవి అడుగుదాం. బారుకి అర్ధరాత్రి దాకా లైసెన్సు ఇచ్చిన ఊరికి పన్నెండుంపావుకి ఒక బస్సు కావాలి. శుక్ర, శని, ఆదివారాలు చాలు. మదనపల్లె బస్టాండు నుంచి అంగళ్లు దాకా ఒకటి, పుంగనూరు వైపు ఒకటి. అలాగే కుప్పం నుంచి చుట్టుపక్కల ఊళ్లకి. లక్షల రూపాయల లైసెన్సు ఫీజులు వసూలు చేసే చోట ఈ బస్సుల డీజిలు ఖర్చు ఎంత? బారులో కూర్చునే ముందు బండి తాళం కౌంటరులో ఇచ్చి, మరుసటి ఉదయం తీసుకునేలా పార్కింగు పెట్టమని లైసెన్సు షరతుల్లో రాయండి. వయసు చూడకుండా పోసిన బారు లైసెన్సును నిజంగా రద్దు చేసి చూపించండి, ఒక్కటి చాలు, మిగతావాళ్లకి అర్థమవుతుంది. కాలేజీలు హాస్టల్ గేటు పదికి మూసి బాధ్యత తీరిందనుకోవద్దు. గేటు మూసి ఉందని తెలిసిన పిల్లవాడు ఇంకో బారు వెతుక్కుంటాడు. ఎన్నింటికి వచ్చినా లోపలికి రానివ్వండి, ఉదయం మాట్లాడండి.

అంగళ్లులో టీ అంగడి ముందు కూర్చునే పెద్దలకి నా విన్నపం ఒక్కటే. మీ మాటకి ఈ ఊళ్లో విలువ ఉంది. ఎమ్మెల్యే వచ్చినప్పుడు మీరే ముందు కుర్చీల్లో కూర్చుంటారు. ఈసారి ఆయన వచ్చినప్పుడు పిల్లలు చెడిపోయారని చెప్పకండి. శనివారం అర్ధరాత్రి దాటాక మదనపల్లె నుంచి అంగళ్లుకి బస్సు ఎప్పటినుంచి వేస్తారో తేదీ అడగండి.